చూసేవాళ్లు లేనప్పుడు

అలంకరణ ఎవరికోసం అన్న ప్రశ్నకి మనం ఇంతకాలం రెండు జవాబులు చెప్పుకుంటూ వచ్చాం. పురుషుడి చూపు కోసం, మార్కెట్ లాభం కోసం స్త్రీలు తమ శరీరాల్ని దిద్దుకుంటున్నారన్నది మొదటిది. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు వీధుల్లోకి వచ్చిన మహిళా సంఘాల వాదన ఇదే. "ఎవరికోసమో ఏంటి, నాకోసం నేను" అన్నది రెండోది, ఆ తర్వాతి తరం అమ్మాయిలది. ఈ రెండిట్లో ఏది నిజమో తేల్చుకునే వీలు మనకి లేకపోయింది. చూసేవాళ్లు లేని లోకం మనలో ఎవరికీ అనుభవంలో లేదు మరి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక కొన్ని నెలలపాటు అలాంటి లోకం కొందరికి దొరికింది.

కొందరికి అని ఎందుకంటున్నానంటే, ఆ నెలల్లో నర్సుల ముఖాల మీద ఎన్-95 మాస్కులు ఒరుసుకుని మచ్చలు పడ్డాయి. పారిశుద్ధ్య కార్మికులు ఒక్కరోజు కూడా ఇంట్లో కూచోలేదు. పిల్లల్ని చంకనేసుకుని హైవేల మీద నడిచిన వలస స్త్రీల చర్మానికి ఎండ తప్ప వేరే సమస్య గుర్తొచ్చి ఉండదు. ఇంట్లో కూచుని ముఖం గురించి ఆలోచించుకునే తీరిక మనలాంటి మధ్యతరగతిది. అది ఒప్పుకునే మాట్లాడాలి.

మాస్కు కింద లిప్‌స్టిక్ అర్థం కోల్పోయింది. కష్టకాలంలో ఆడవాళ్లు ఖరీదైనవి మానేసి లిప్‌స్టిక్ కొనుక్కుంటారని 2001లో ఎస్టే లాడర్ సంస్థ అధిపతి లెనార్డ్ లాడర్ ఒక సూత్రం చెప్పాడు. ఈసారి కష్టకాలంలో పెదవులే కనిపించలేదు, కళ్లు మాత్రం మిగిలాయి. పార్లర్లు మూతపడి కనుబొమలు వాటిదారిన అవి పెరిగాయి. మా అమ్మ ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్న జుట్టు రంగు ఆపేసింది. ఎందుకని అడిగితే "ఎవరొస్తున్నార్లే" అంది. ఇన్నేళ్లూ ఆ రంగు తన ఇష్టమనే చెప్పేది. 2022లో తమ్ముడి పెళ్లి కుదరగానే మళ్లీ రంగు డబ్బా తెచ్చుకుంది. అయితే ఆ ఇష్టం అబద్ధమా? అలా తీర్పు చెప్పేముందు మరికొన్ని ముఖాల్ని చూడాలి.

చూపు ఇంటి బయటే ఆగిపోయిందనుకున్నాం గానీ అది తెరలోంచి లోపలికొచ్చింది. తరగతి గదిలో పాఠం చెప్పేటప్పుడు నా ముఖం నాకు కనిపించదు. జూమ్‌లో అది ఒక మూల కూచుని గంటసేపు నన్నే చూస్తూ ఉండేది. ముఖాన్ని నునుపు చేసి చూపించే మీట కూడా అందులోనే ఉంది. సార్త్ర్ 1943లో 'బీయింగ్ అండ్ నథింగ్‌నెస్'లో ఎదుటివాడి చూపు మనని వస్తువుగా మార్చడం గురించి రాశాడు. ఇక్కడ ఎదుటివాడు లేడు. చూసేదాన్నీ, చూడబడేదాన్నీ నేనే. స్త్రీ తనను తాను ఇతరుల కళ్లతో చూసుకుంటూ పెరుగుతుందని 1949లో సిమోన్ ద బోవా చెప్పింది సిద్ధాంతంగా చదువుకున్నదాన్ని. ఆన్‌లైన్ క్లాసుల్లో దాన్ని రోజుకి నాలుగు గంటలు చూశాను.

అదే సమయంలో రంగులు తగ్గి చర్మ సంరక్షణ పెరిగింది. సీరమ్, సన్‌స్క్రీన్, నియాసినమైడ్ లాంటి మాటలు మా స్నేహితురాళ్ల సంభాషణల్లోకి వచ్చేశాయి. మేకప్ కన్నా ఇది సహజమనీ, ఆరోగ్యమనీ మంచి పేరు. నాకు మాత్రం రంగులో ఒక నిజాయితీ కనిపిస్తుంది. అది రంగని అందరికీ తెలుసు, రాత్రి కడిగేస్తే పోతుంది. చర్మమే మారాలనే పనికి సాయంత్రమంటూ ఉండదు. పైగా దానికి 'సెల్ఫ్ కేర్' అన్న పేరొకటి. ఆడ్రీ లార్డ్ 1988లో వచ్చిన 'ఎ బర్స్ట్ ఆఫ్ లైట్'లో ఈ ఆలోచన రాసినప్పుడు ఆమె కేన్సర్‌తో బతుకుతున్న నల్లజాతి స్త్రీ. బతికుండటమే ఆమెకి రాజకీయ చర్య. ఆ మాటని మార్కెట్ సీసా మీద అతికించుకుంది. 1975 నుంచీ మన ఇళ్లలో ఉన్న 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020 జూలైలో 'గ్లో అండ్ లవ్లీ' అయింది. తెల్లగా ఉండాలన్న ఒత్తిడికి పేరు మారింది, మెరవాలట.

ఇంతవరకూ చెప్పింది మొదటి జవాబుకే బలం ఇచ్చేలా ఉంది. కానీ మాస్కు కాలం నాకు ఇంకో సంగతి నేర్పింది. మన ఇళ్లలో అలంకరణంటే ముందు బొట్టు. 2021 మేలో మా బాబాయి కోవిడ్‌తో పోయాడు. పిన్నికీ పాజిటివే. దహనానికి ఇద్దరే వెళ్లారు. పదో రోజున జరిగే తతంగానికి చుట్టాలు రాలేదు, రాలేరు. కొన్ని నెలల తర్వాత వెళ్తే పిన్ని నుదుట ఎప్పటి ఎర్రబొట్టే ఉంది. నేను చూడటం చూసి, "ఎవరూ తియ్యలేదమ్మా. తియ్యడానికి ఎవరూ రాలేదు" అంది.

చూసేవాళ్లు లేకపోవడం మా అమ్మకి రంగు వేసుకునే బాధ తప్పించింది, పిన్నికి బొట్టు మిగిల్చింది. తర్వాత రాకపోకలు మొదలై, "ఇంకా పెట్టుకుంటున్నావా?" అని అడిగేవాళ్లూ మొదలయ్యారు. "నువ్వేమంటావ్ పిన్నీ?" అన్నాను. "నేనేం తిరగబడలేదే. చిన్నప్పట్నుంచీ పెట్టుకున్నది, పొద్దున లేస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది" అంది. కోవిడ్‌లో చిన్నవయసు మగవాళ్లు పోయాక ఇదే ప్రశ్న చాలాచోట్ల వచ్చింది. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో భర్త పోయిన స్త్రీల కుంకుమ చెరపడం, గాజులు పగలగొట్టడం వంటివి నిషేధించింది.

పిన్ని చెయ్యి నుదుటికి వెళ్లడం ఆమె ఇష్టమా? ఆ అలవాటు వాళ్లమ్మ నేర్పింది, వాళ్లమ్మకి సమాజం నేర్పింది. అయినా అది ఇప్పుడు ఆమెదే. ఏ కోరికా ఎవరి చెయ్యీ పడకుండా మనలో పుట్టదు. అందుకే "ఇది నిజంగా నీకోసమేనా?" అని ప్రతి స్త్రీనీ నిలదీసే స్త్రీవాదం నాకు అన్యాయంగా తోస్తుంది. మా అమ్మ రంగుడబ్బాకీ నేను తీర్పు చెప్పను. ఎవర్ని అడిగినా నిలబడగల ప్రశ్న వేరే ఉంది. ఆమె మానేస్తే ఏం నష్టపోతుంది? కొనసాగిస్తే ఏం నష్టపోతుంది?

ఈ ప్రశ్న వేస్తే ముఖాలన్నీ ఒకలా ఉండవు. పిన్ని బొట్టు పెట్టుకుంటే మాట పడాలి. పెళ్లయిన హిందూ స్త్రీ పెట్టుకోకపోతే మాట పడాలి. దళిత క్రైస్తవ స్త్రీ, ముస్లిం స్త్రీ ఖాళీ నుదురుతో అద్దె ఇల్లు వెతుక్కుంటే ఇంటి ఓనరు చూపు ముందు అక్కడికే వెళ్తుంది. చీరల దుకాణంలో పనిచేసే ఒకమ్మాయి, "మాస్కుంటే నవ్వక్కర్లేదు మేడమ్, అదొక్కటే సుఖం" అంది. విమాన పరిచారికల చిరునవ్వు జీతంలో భాగమని 1983లో ఆర్లీ హోచ్‌షీల్డ్ చెప్పిన విషయాన్ని ఆ అమ్మాయి ఒక్క వాక్యంలో చెప్పేసింది. ముఖం మీద బొల్లి మచ్చలున్న నా సహోద్యోగికి మాస్కులు అక్కర్లేదన్న రోజున భయమేసిందట. రెండేళ్లు ఆమెని ఎవరూ తేరిపార చూడలేదు.

ఓల్గా 'సమాగమం' కథలో ముక్కు కోయించుకున్న శూర్పణఖ అందాన్ని ద్వేషించే దశ దాటి తోట పెంచుతుంది. ఆ కథ చదివిన ప్రతిసారీ ఆమె గెలుపే చూసేదాన్ని. ఇప్పుడు ఆ తోట అడవిలో ఉందన్నది కూడా గమనిస్తున్నాను. అడవిలో దొరికిన నెమ్మది ఊళ్లో ఎందుకు దొరకదు? 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదుకే వచ్చాయి. నగరమంతా అలంకరించారు. మాస్కులు ఎప్పుడో పోయాయి, చూపులు తిరిగొచ్చాయి. లిప్‌స్టిక్ వేసుకోవాలా వద్దా అన్నదాని మీద నాకు పట్టుదల లేదు. దుకాణంలో ఆ అమ్మాయి మాస్కు లేకుండానే నవ్వడం మానేసి ఉద్యోగం నిలుపుకోగలగాలి. చుట్టాలంతా వచ్చిన ఇంట్లో మా పిన్ని బొట్టు పెట్టుకుని అందరి మధ్యా కూచోగలగాలి. "నాకోసం" అన్న మాట వాళ్లు అనగలిగిన రోజున దాన్ని నేనూ నమ్ముతాను.