మార్జాలకిశోరము – గృహస్థధర్మము

పిల్లిని జంపిన పాపము బంగారు పిల్లిని జేయించి దానమిచ్చినగాని పోదని మన పెద్దలు చెప్పుదురు. ఈ భయము మన యిండ్లలో నేటికిని గలదు. అయినను, దీనివలన పిల్లికి గలిగిన మేలెంత? ఇంట నాలుగు కూనలు పుట్టును; కన్నులు తెఱచును; పాలగిన్నె చాలకపోవును. అంతట గృహస్థుడు వానిని గోనెసంచిలో వైచి, పొలిమేర దాటించి, ఏ పత్తిచేని గట్టుననో, ఏ మిరపకల్లము చెంతనో విడిచి వచ్చును. తాను జంపలేదు గదా! ఎండ చంపినది, కుక్క చంపినది, ఆకలి చంపినది. కపటధర్మమునకు మన స్మృతికారులు బైడాలవ్రతమని పేరిడిరి. ఇచ్చట నా వ్రతమును బట్టినది పిల్లి కాదు, మనుష్యుడు.

మా నల్లపాడు వంటి పల్లెలలో పిల్లి కేవల విలాసజంతువు కాదు. ధాన్యపు బస్తాలను ఎలుకలు కొఱుకుచోట నది కూలియడుగని కాపరి. పని గొనునపుడు మనది, పిల్లలు పెట్టినపుడు దైవముది యనుట న్యాయమగునా? ఆడుపిల్లి నాలుగైదు నెలల ప్రాయముననే చూలు దాల్పగలదు. రమారమి తొమ్మిది వారములలో కూనలను బెట్టును. వానికి పాలిచ్చుచుండగనే మరల చూలు కట్టగలదు. కావున సంచి యొకమాఱుతో తీరునది కాదు. ఏటికి రెండు మూడు మాఱులు వెదకవలసినదే.

దీనికి మందు కలదు. కూన నాలుగైదు నెలలది కాగానే పశువైద్యుడు మత్తుమందిచ్చి, అండాశయములను, పలుమాఱు గర్భాశయమును గూడ తొలగించును. ఇది ప్రకృతివిరుద్ధమని కొందఱందురు. ఒంగోలు కోడెకు వట్టలు నొక్కించి కాడికి గట్టిన దేశమున నీ యాక్షేపణము వింతగనే యుండును. అయినను, ఒక తప్పు మఱియొకదానికి సమాధానము కానేరదు. కూన నడుగకయే దాని మాతృత్వమును హరించు హక్కు మనకెక్కడిది?

ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. నాకు తోచిన సమాధానమిది. రాబోవు సంతానమును గూర్చి పిల్లి కలలు గనునని తలచుటకు మనకాధారము లేదు. ఆకలి, భయము, నొప్పి మాత్రము దానికి నిశ్చయముగ దెలియును. పుట్టని కూనకు నష్టము లేదు. పుట్టి గట్టున విడువబడిన కూనకు సర్వనష్టము. ఈ చికిత్సవలన గర్భాశయపు చీము వ్యాధి తప్పును. చిన్ననాడే చేయించినచో స్తనములందలి కంతులును మిక్కిలి తగ్గును. అయినను, మన సౌకర్యము గూడ నిందు గలదని యొప్పుకొనవలెను. అడుగక చేసిన పనికి మనము ఋణపడితిమి. ఆ ఋణము వైద్యుని రుసుముతో తీఱదు. అటుపిమ్మటి సంరక్షణముతోనే తీఱవలెను.

ఆ రేయి కూనను వెచ్చని, నిశ్శబ్దమైన గదిలో నేలమీదనే పరుండబెట్టవలెను. మత్తు దిగిన పిదప నీరును, కొంచెము మెత్తని యాహారమును బెట్టవలెను. పది పదునాలుగు దినములు గెంతనీయరాదు, స్నానము చేయింపరాదు. గాయమును నాకకుండ మెడకు కాలరు కట్టవలెను. దినమునకు రెండు మాఱులు కుట్లు చూచి, వాపుగాని చీముగాని కనబడినను, కూన యొక దినము మేత ముట్టకున్నను వైద్యుని యొద్దకు గొనిపోవలెను. పసుపు, బూడిద పూయరాదు. మనము మ్రింగు పారాసిటమాలు మాత్ర పిల్లికి ప్రాణాంతకము.

ఇచ్చట చదువరులతో రెండు మాటలు. మన యిండ్లలో ఆజ్ఞ యజమానిది, జాగరణము ఇల్లాలిది. రుసుము చెల్లించిన పురుషుడు తన ధర్మము ముగిసినదని నిద్రింపగా, దీపము పట్టి కుట్లు చూచునది స్త్రీయే. నిర్ణయించినవాడే మేలుకొనుట న్యాయము. మఱియు నిగ్రహమంతయు నాడుదానికే విధించు నలవాటు మనకు జంతువులయందును గలదు. మగపిల్లికి చేయు చికిత్స యింతకంటె చిన్నది. గాయము త్వరగా మానును. దానినేల మఱతుము?

ఆకలిదప్పుల పాలగునట్లు జంతువును నిష్కారణముగ విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నేరము. 2023లో వెలువడిన జంతుజనన నియంత్రణ నియమములు పెంపుడు జంతువు టీకాలకును, ఈ చికిత్సకును యజమానినే బాధ్యుని జేసినవి. కాని రేయి మేలుకొనుమని యే చట్టమును చెప్పజాలదు.

శ్రీవైష్ణవులలో తెంగలవారు శరణాగతికి మార్జాలకిశోర న్యాయమును జెప్పుదురు. కోతిపిల్ల తల్లిని తానే కఱచుకొనును. పిల్లికూన యట్లు చేయదు, తల్లియే నోట గఱచి మోయును. భారమంతయు మోయుదానిదే. మత్తు దిగక మన యొడిలో బడియున్న కూన మనలను బట్టుకొనలేదు, పట్టుకొనవలసినవారము మనమే.