వెనుకనుండి వచ్చు హారన్



ఈ నెల ధ్యానమునకు నిర్గమకాండము 32వ అధ్యాయమును తెరచి దగ్గర పెట్టుకొనుడి. అయితే దానిని చదువుటకు ముందు, మాతోకూడ ఒక దూరదేశపు వీధిలో కొంచెముసేపు ఆగవలెను.

2017వ సంవత్సరము మొదలుకొని 2019 వరకు మేము కువైటులోని తెలుగువారి సంఘమొకదానికి సేవ చేయుచుంటిమి. ఆ దేశమునకు మన గోదావరి జిల్లాలనుండియు, కడప ప్రాంతమునుండియు ఎందరు వెళ్ళియున్నారో మీకు చెప్పనక్కరలేదు. మీలో అనేకుల ఇండ్లనుండియే వెళ్ళియున్నారు. స్త్రీలలో అనేకులు ఇంటిపనికిని, పురుషులలో అనేకులు అరబ్బుల ఇండ్లలో కార్లు నడుపుటకును వెళ్ళుదురు. వీరినే అక్కడ హౌస్ డ్రైవర్లందురు. అక్కడ ఆదివారము పనిదినము, శుక్రవారము సెలవు. గనుక ఆరాధనయు శుక్రవారమే జరుగును.

మా గ్రామములో ఎర్రలైటు అనునది లేదు. ఇక్కడ బండి ఆగునది గేదెల మంద అడ్డము వచ్చినప్పుడు, లేక రైలు గేటు పడినప్పుడు. కావున కువైటు సిగ్నళ్ళయొద్ద చూచినది మాకు మిక్కిలి వింతగానుండెను. ఆ దేశపు ఎండ సామాన్యమైనది కాదు. 2016 జూలై 21న మిత్రిబాహ్ అను చోట 53.9 డిగ్రీలు నమోదైనట్లు ప్రపంచ వాతావరణ సంస్థయే ఒప్పుకొనెను. అట్టి ఎండ బయట కాయుచుండగా, మనుష్యులు చల్లని కారులో మెత్తని సీటుమీద కూర్చుండి, ఒక్క నిమిషము కుదురుగా ఉండలేకపోవుదురు. పచ్చలైటు వెలుగుటకును వెనుకవాని హారన్ మ్రోగుటకును నడుమ రెప్పపాటు కూడ నుండదు. కొందరు ప్రక్క వీధివారికి పసుపు పడుట చూచి, తమకు పచ్చ రాకముందే అంగుళమంగుళముగా ముందుకు జరుగుదురు. మరికొందరు మలుపు వరుసలో చివరివరకు వచ్చి, అక్కడ తిన్నగా పోవు వరుసలో తల దూర్చుదురు. ఇది ఏదో యొక జాతివారి గుణమని తలంచకుడి. ఆ రోడ్డుమీద అరబ్బులు, ఐగుప్తువారు, ఫిలిప్పీనువారు, మనవారు అందరు నుందురు. హారన్ భాష అందరికిని ఒక్కటే.

ఇందులో విచిత్రమేమనగా, హారన్ కొట్టినందువలన వరుస త్వరగా కదలదు. పచ్చ పడిన తరువాత మొదటివాడు దానిని చూచి, కాలు మార్చి, బండిని కదలించుటకు కొంత వ్యవధి పట్టును. అతడు కదలినగాని రెండవవాడు కదలడు. ఆ మీదట ఒక్కొక్క బండి గీత దాటుటకు సుమారు రెండేసి సెకన్లు పట్టునని ట్రాఫిక్ ఇంజనీర్ల లెక్క. పదవ కారులో కూర్చున్నవాడు ఎంత మ్రోగించినను, గీత చేరుటకు ఇంచుమించు ఇరువది సెకన్లు పట్టవలసినదే. అతని కోపము ముందున్న తొమ్మిదిమందికి వినబడును, అంతే.

మా సంఘములో కోనసీమ సహోదరుడొకడు ఉండెను. మా పాస్టరేటులోని ఒక గ్రామమే అతని స్వగ్రామము. మమ్మును అక్కడికి పిలిపించుటకు అతడును ఒక కారకుడు. పండ్రెండేండ్లుగా ఒకే ఇంట హౌస్ డ్రైవరు. పిల్లలను వారి అమ్మమ్మగారింట దింపిన తరువాత, ఆ ఇంటి యజమానురాలు (వీరు 'మామా' అని పిలుతురు) గుడికి పోవుటకు కారు వాడుకొననిచ్చెడిది. అట్లు ప్రతి శుక్రవారము సాల్మియాలోని మా గదినుండి మమ్మును ఎక్కించుకొనిపోవుచుండెను.

ఒక శుక్రవారము ఆలస్యమైనది. ఆలస్యమునకు కారణము అతడు కాదు, మేమే. ప్రసంగపు కాగితములు చక్కబెట్టుకొనుచు కూర్చుంటిమి. హవల్లీ దగ్గర ఒక సిగ్నలుకు చేరుచుండగా పసుపు పడెను. అతడు ఆపెను. "తమ్ముడూ, పసుపే గదా, దాటిపోవలసింది" అంటిమి. అతడు నవ్వి ఊరకుండెను. పచ్చ పడెను. వెనుక హారన్ మ్రోగెను. అతడు కదలలేదు. మా చూపు ఒడిలోని కాగితములమీద నుండెను. తల యెత్తకయే, "పచ్చ పడింది, పోనీ తమ్ముడూ, పోనీ" అంటిమి. అతడు మాటలాడక చేతితో ముందుకు చూపెను. ఐస్‌క్రీమ్ బండి త్రోసుకొనిపోవు కూలివాడొకడు, చెమటతో తడిసి, మా కారుకు ఎదుటనే రోడ్డు దాటుచుండెను. చక్రము గుంతలో పడి కాబోలు, సగములో చిక్కుకొనెను. వెనుకనున్నవానికి మా కారు అడ్డము. వానికి ఆ కూలి కనబడడు. మేమో, ముందు సీటులోనే ఉంటిమి. తల యెత్తినచో కనబడియుండును.

మొట్టమొదటి సిగ్నలు దీపమును 1868 డిసెంబరులో లండనులో, పార్లమెంటు భవనమునకు ఎదుట నిలిపిరి. అది గ్యాసుతో వెలిగెడిది. నెల తిరుగకముందే ప్రేలి, దానిని త్రిప్పుచున్న పోలీసువానిని గాయపరచెను. ఆ దీపమును నిలిపినది గుఱ్ఱపు బండ్ల నడుమ నడచి దాటువాని కొరకే. నూటయేబది యేండ్ల తరువాత మేము ఆ నడచువానిని మరచి, దీపమును మాత్రము చూచితిమి. కాదు, దీపమును కూడ చూడలేదు, గడియారమును చూచితిమి.

కూలివాడు దాటిన తరువాత కారు కదలెను. కొంతదూరము పోయినమీదట ఆ సహోదరుడు ఇట్లు చెప్పెను: "వచ్చిన కొత్తలో ఒకసారి ఇలాగే అయ్యిందండి అయ్యగారూ. వెనకాల పెద్దబండాయన ఒకటే హారనండి. కంగారుపడిపోయి ఎర్ర మీదే పోనిచ్చేశానండి. కెమెరా ఫ్లాషు కొట్టింది. యాభై దినార్లు. అప్పుడు నా జీతం నూటిరవై. అమ్మ కంటి ఆపరేషనుకి పంపాల్సిన డబ్బులండి అవి. హారన్ కొట్టినాయన ఎవరో ఏంటో, పక్కకి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయనొచ్చి కట్టడు గదండి."

(1976 నాటి ఆ దేశపు ట్రాఫిక్ చట్టమును సవరించి, 2025 ఏప్రిల్ 22 నుండి ఎర్రలైటు దాటినందుకు 150 దినార్ల జరిమానా విధించుచున్నారు. ఆనాటి అతని జీతముతో పోల్చిన, నెల జీతమంతయు ఇచ్చినను చాలదు.)

ఆ దినము మేము ప్రసంగింపవలసినది గలతీ పత్రిక 5వ అధ్యాయములోని ఆత్మఫలములలో దీర్ఘశాంతమును గూర్చి! ప్రసంగించితిమి. బాగున్నదని కొందరు చెప్పిరి. ఆ సహోదరుడు మాత్రము వెనుక బల్లమీద తల వంచుకొని వినుచుండెను. అతడు నవ్వుకొనుచున్నాడేమో అని మాకు తోచినది.

సెమినరీలో మాకు హెబ్రీ భాష నేర్పిన అయ్యగారు ఒక సంగతి చెప్పెడివారు. దేవుడు దీర్ఘశాంతముగలవాడని నిర్గమకాండము 34వ అధ్యాయములో చదువుదుము గదా. అక్కడి హెబ్రీ మాటకు అక్షరార్థము 'ముక్కు పొడవైనవాడు' అని. మేము విద్యార్థులము పకపక నవ్వితిమి. కాని మన తెలుగులో కోపిష్ఠిని ఏమందుము? వానికి కోపము ముక్కుమీదనే ఉన్నదందుము. కోపము లోపలనుండి బయలుదేరి ముక్కు చివరకు వచ్చువరకు ఎంత దూరము నడువవలెనో, అదియే శాంతముయొక్క కొలత. దేవునికి ఆ దారి బహు దూరము. మాకు ఆ ఉదయము ఆ దారి అంగుళము కూడ లేకపోయెను.

ఇప్పుడు 32వ అధ్యాయము చూడుడి. మోషే కొండయెక్కి దినములు గడచినవి. క్రింద జనులకు ఓపిక తప్పెను. వారు అహరోనునొద్దకు కూడివచ్చి, ఆ మోషే ఏమాయెనో తెలియదు, మా ముందర నడచుటకు దేవతను చేయుమని ఒత్తిడి చేసిరి. ముందు సీటులో నున్నవాడు అహరోను, వెనుక హారన్ కొట్టువారు జనులు. అహరోను దుర్మార్గుడు కాడు. అతనికి దూడమీద ఆశ యున్నట్లు ఎక్కడను వ్రాయబడలేదు. వెనుకనుండి వచ్చు ధ్వనిని అతడు ఓర్చుకొనలేకపోయెను, అంతే. తరువాత మోషే నిలదీసినప్పుడు అతడు చెప్పిన జవాబు చదువుడి: వారు బంగారమిచ్చిరి, నేను అగ్నిలో వేసితిని, ఈ దూడ బయటికి వచ్చెను అన్న భావముతో మాటలాడెను. కారు దానంతట అదియే కదలెనని పోలీసువానితో చెప్పినట్లున్నది గదా! ఆ జవాబు చెల్లలేదు. దేవుడు అహరోనుమీద మిక్కిలి కోపపడగా అతనికొరకు కూడ తాను ప్రార్థింపవలసి వచ్చెనని మోషే ద్వితీయోపదేశకాండము 9వ అధ్యాయములో జ్ఞాపకము చేయుచున్నాడు. జనులును తప్పించుకొనలేదు, ఆ దినమున ఇంచుమించు మూడువేలమంది కూలిరి.

ఇంతకును మోషే కొండమీద ఆలస్యము చేసినది దేనికి? 25వ అధ్యాయము మొదలుకొని 31 వరకు తిరుగవేయుడి. దేవుడు ఆ జనుల మధ్యనే నివసించుటకు గుడారమెట్లు కట్టవలెనో, మందసపు కొలతయెంతో, దీపవృక్షమునకు కొమ్మలెన్నో, ఆ వివరములన్నియు వారి కొరకే అక్కడ చెప్పబడుచుండెను. తమ మేలుకొరకైన ఆలస్యమును వారు నష్టమనుకొనిరి. కూడలిలో మనకు ఎర్ర పడినదనగా మరియొక వీధివానికి పచ్చ పడినదని అర్థము. అక్కడ నిలిచియున్నప్పుడు ఇది ఎవరికి జ్ఞాపకము వచ్చును? అదే జనులు తరువాత కొంత నేర్చుకొనినట్లున్నది. సంఖ్యాకాండము 9వ అధ్యాయములో మేఘము నిలిచినన్నాళ్ళు వారు నిలిచిరి. రెండు దినములైనను, నెలయైనను అంతే. అది పైకి లేచినప్పుడే ప్రయాణమైరి.

ప్రియులారా, మేము ఇదంతయు వ్రాయుచున్నది కువైటులోని డ్రైవర్లకొరకు కాదు. ఈ పత్రిక వారిలో ఎందరికి చేరునో తెలియదు. ఇక్కడ అరుగులమీద కూర్చుండి దీనిని చదువుచున్న మీకొరకును, మాకొరకును వ్రాయుచున్నాము. గల్ఫునకు వెళ్ళినవాడు మన వరుసలో మొదటి కారువంటివాడు. అతని ఎదుట ఏమున్నదో అతనికే కనబడును. ఇకామా గడువు, యజమాని మనస్సు, జీతము ఆలస్యము, మోకాలి నొప్పి అతడు చూచుచున్నాడు. వెనుకనున్న మనకు అతని వీపు మాత్రము కనబడును. మనమో, ఫోను తీసినది మొదలు హారన్ కొట్టుదుము. స్లాబు ఎప్పుడు వేయింతువు? చెల్లి పెండ్లికి ముహూర్తము పెట్టవచ్చునా? ప్రక్కింటివాని కొడుకు రెండేండ్లలో డాబా కట్టెనే! ఈ మాటలలో ఒక్కటియు పాపమని చెప్పలేము. స్లాబు కావలసినదే, పెండ్లి చేయవలసినదే. అయితే ఈ కంగారులో అతడు వడ్డీకి తెచ్చి పంపిన సొమ్మును, సెలవు మానుకొని చేసిన పనిని, మనలో ఎవరును వెళ్ళి తీర్చము. ప్రేతపేటికలో తిరిగివచ్చిన యౌవనులకు ఈ చేతులతో భూస్థాపన చేసియున్నాము. ఆ ఇండ్లలో సగము కట్టిన గోడలు ఇంకను అట్లే యున్నవి.

సంఘమును మినహాయించుకొనుట న్యాయము కాదు. మా గుడి ప్రహరీ గోడకు ఆ కోనసీమ సహోదరుడు కొంత సొమ్ము ఇచ్చెదనని క్రిందటి క్రిస్మసునాడు మాట ఇచ్చెను. తరువాత నాలుగు నెలలలో మేము అతనికి ఎన్నిసార్లు ఫోను చేసితిమో మా భార్య లెక్కపెట్టి చెప్పినప్పుడు మాకు సిగ్గు కలిగినది. మొన్న శుక్రవారము రాత్రి మరల చేసితిమి. మూడుసార్లు మ్రోగినను ఎత్తలేదు. మేము విసుగుకొని భోజనమునకు కూర్చుంటిమి.

అరగంటకు అతడే పిలిచెను. "క్షమించండి అయ్యగారూ, బండి నడుపుతున్నానండి, అందుకే ఎత్తలేదు. మామా వాళ్ళని దింపి ఇప్పుడే పక్కన ఆపానండి. గోడ గురించేనా?"

"కాదు తమ్ముడూ," అంటిమి. "నీ మోకాలు ఎట్లున్నది?"

అవతల కొంచెముసేపు మాట లేదు. తరువాత అతడు మోకాలి సంగతి, కొత్త మందుల సంగతి, వాళ్ళమ్మ కంటి సంగతి నిదానముగా చెప్పసాగెను. మేము వినుచు కూర్చుంటిమి. కంచములో అన్నము చల్లారిపోయెను.