చూసేవాళ్ల వంతు పాపం

2017 ఆగస్టులో, ‘అర్జున్ రెడ్డి’ ఇంకా విడుదల కాకముందే, కాంగ్రెస్ సీనియర్ నాయకుడు వి. హనుమంతరావు హైదరాబాద్‌లో ఒక ఆర్టీసీ బస్సు మీదున్న ఆ సినిమా పోస్టరును చింపేశారు. పోస్టరులో హీరో హీరోయిన్లు ముద్దు పెట్టుకుంటున్నారు. ఆయన అభ్యంతరం ఆ ముద్దు మీదే. హీరో విజయ్ దేవరకొండ ‘తాతయ్యా, చిల్’ అని సోషల్ మీడియాలో బదులిస్తే కుర్రకారు కేరింతలు కొట్టింది. ఆగస్టు 25న సినిమా వచ్చింది. మనసు మార్చుకుని వద్దన్న ఒక అమ్మాయికి హీరో కత్తి చూపించి బట్టలు విప్పమనే సన్నివేశం అందులో ఉంది. మంగళూరు మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన ప్రీతితో సరిగ్గా పరిచయమైనా కాకముందే, ఆమె తన మనిషి అని అతను కాలేజీ అంతా చాటుతాడు. అడగకుండానే బుగ్గ మీద ముద్దు పెడతాడు. తర్వాతెప్పుడో చెంప మీద కొడతాడు. ఇద్దరూ ఇష్టపడి పెట్టుకున్న ముద్దు మీద రభస జరిగింది. కత్తి గురించీ చెంపదెబ్బ గురించీ ఏ నాయకుడూ బస్సు ఆపలేదు.

మన దగ్గర సినిమా మీద నీతి చర్చ చాలాకాలంగా బట్టల చుట్టూ, ముద్దుల చుట్టూ తిరుగుతోంది. దానితో పాతతరం చాదస్తం అన్న ముద్ర ఆ చర్చ మొత్తానికీ పడిపోయింది. ఇప్పుడు ఎవరైనా ఆడదాన్ని కొట్టడం గురించి మాట్లాడబోయినా వాళ్లను పోస్టర్లు చింపేవాళ్ల జాబితాలో వేసేస్తున్నారు. ‘అర్జున్ రెడ్డి’లో బూతు మాటను తప్పుపట్టిన నటి అనసూయ ఎన్ని తిట్లు తినాల్సి వచ్చిందో తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అసలు ప్రశ్న శృంగారానిది కాదు, బలవంతానిది. తెర మీద ఒక స్త్రీని బెదిరిస్తే, కొడితే, కించపరిస్తే, దాన్ని చూస్తూ హాల్లో కూర్చున్నవాళ్లు ఈల వేయవచ్చా? వేస్తే ఆ ఈలకు బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్న ఒక్క సినిమాతో ఆగలేదు. దర్శకుడు సందీప్ రెడ్డి వంగా అదే కథను 2019లో హిందీలో ‘కబీర్ సింగ్’గా తీస్తే, ఆ ఏడాది పెద్ద విజయాల్లో ఒకటైంది. విమర్శలు వచ్చినప్పుడు ఆయన ఒక ఇంటర్వ్యూలో, గాఢమైన ప్రేమలో ఒకరినొకరు చెంపదెబ్బ కొట్టుకునే చనువు కూడా లేకపోతే అక్కడ భావోద్వేగమే తనకు కనిపించదన్నారు. అమ్మాయి కూడా అబ్బాయిని కొట్టింది కదా అని గుర్తుచేశారు. ఆ మాటలు తనను కలవరపెట్టాయని నటి సమంత బహిరంగంగానే చెప్పింది. అదే ఏడాది నవంబరులో నటీనటుల చర్చావేదికపై మలయాళ నటి పార్వతి తిరువోత్తు, విజయ్ దేవరకొండ పక్కనుండగానే, హింసను చూపించడానికీ కీర్తించడానికీ ఉన్న తేడాను ‘జోకర్’ ఉదాహరణతో వివరించింది. 2023 డిసెంబరు 1న అదే దర్శకుడి ‘యానిమల్’ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 900 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసిన ఆ సినిమాలో హీరో, తన మీద గూఢచర్యానికి వచ్చిన జోయాను ప్రేమ రుజువు చేసుకోవడానికి తన బూటు నాకమంటాడు. ఆ నెలలోనే రాజ్యసభలో కాంగ్రెస్ సభ్యురాలు రంజీత్ రంజన్, తన కూతురు ఏడుస్తూ మధ్యలోనే హాలు నుంచి బయటికి వచ్చేసిందని చెప్పారు. కొన్ని వారాలకు సినీ రచయిత జావేద్ అఖ్తర్, సినిమా పేరెత్తకుండా, ఇలాంటివి సూపర్‌హిట్ కావడమే ప్రమాదమన్నారు. తీసేవాళ్లకంటే చూసేవాళ్ల మీద ఎక్కువ బాధ్యత ఉందన్నారు.

సినీ రచయిత అన్న ఆ మాట మన ఇతిహాసంలో ఎప్పటి నుంచో ఉంది.

సభాపర్వంలో ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చినప్పుడు ఆ సభ నిండా మనుషులున్నారు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. ద్రోణుడు మాట్లాడలేదు. కర్ణుడు నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు, ఐదుగురు భర్తలున్న స్త్రీకి ఏం జరిగినా తప్పులేదని తీర్పు కూడా చెప్పాడు. కౌరవుల్లో ఒక్క వికర్ణుడే లేచి ఇది తప్పన్నాడు. అప్పుడు విదురుడు సభకు పాత కథ ఒకటి చెప్పాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు, అంగిరసుడి కొడుకు సుధన్వుడు తమలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి ప్రాణాలు పందెం పెట్టి ప్రహ్లాదుణ్ణే తీర్పరిగా ఎంచుకున్నారు. కొడుకు మీది ప్రేమకూ ధర్మానికీ మధ్య నలిగిన ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి అడిగాడు. సభలో అధర్మం జరిగినప్పుడు ఆ పాపంలో సగం సభ పెద్దకు, నాలుగో వంతు చేసినవాడికి, మిగిలిన నాలుగో వంతు నిందించవలసినదాన్ని నిందించకుండా కూర్చున్న సభాసదులకు చేరుతుందని కశ్యపుడు చెప్పాడు. నిందించిన సభలో మాత్రం పాపమంతా చేసినవాడిదే.

ఊరికే కూర్చున్నందుకే చేసినవాడితో సమానమైన వంతు. నవ్విన కర్ణుడి లెక్క ఇందులో లేదు.

నిజమే, కురుసభలో కూర్చున్నది నిజమైన స్త్రీ ముందు. సినిమా హాల్లో కూర్చున్నది వెలుగునీడల ముందు. తెర మీద ఎవరికీ దెబ్బ తగలదు. అందుకే ‘సినిమాను సినిమాగా చూడండి’ అన్న వాదానికి బలముంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ మాటకొస్తే ద్రౌపది వస్త్రాపహరణాన్ని తెలుగువాళ్లు చూసినంతగా మరెవరైనా చూశారా? పద్యనాటకాల్లో, తోలుబొమ్మలాటల్లో, వీధిభాగోతాల్లో తరతరాలుగా చూశారు. 1936లో ఆ ఒక్క కథ మీదే పోటాపోటీగా రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుడిగా సైరంధ్రి వెంటపడితే జనం ఆ నటనకు మురిసిపోయారు. జకార్తా చిత్రోత్సవంలో ఆయనకు అవార్డు వచ్చినప్పుడు ఊరూరా గర్వపడ్డారు. కానీ ఏ హాల్లోనూ సైరంధ్రిగా వేసిన సావిత్రి భయం చూసి జనం సంబరపడలేదు. భీముడు ఎప్పుడొస్తాడా అని చూశారు. ‘దానవీరశూరకర్ణ’ సంగతి ఇంకా విలువైనది. 1977 నుంచి ఇవాళ్టిదాకా తెలుగువాళ్లు దుర్యోధనుడి సంభాషణను కంఠస్థం చేసి ఒప్పజెబుతూనే ఉన్నారు. ఏ సంభాషణ? కులం పేరుతో కర్ణుణ్ణి అవమానించిన సభను నిలదీసినది. ప్రతినాయకుడి నోట న్యాయమైన మాట వచ్చిన చోటు వెతుక్కుని అక్కడ చప్పట్లు కొట్టారు. ఆ విచక్షణ మామూలు ప్రేక్షకుడిది. దాన్ని ఎవరూ పాఠం చెప్పి నేర్పలేదు.

హింసను చూపించడంలో దోషం లేదు. ప్రేక్షకుడి ఆనందాన్ని కథ ఏ చోట నిలబెట్టింది, అతను దాన్ని ఎక్కడ ఒప్పుకున్నాడు అన్నదే చూడాలి.

ఈ విషయం మీద భారతీయ రసశాస్త్రం చాలా లోతుగా ఆలోచించింది. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రౌద్రరసం గురించి చెబుతూ అది రాక్షసులకూ దానవులకూ ఉద్ధతులైన మనుషులకూ చెందినదంటాడు. అక్కడే, రాక్షసులు శృంగారాన్ని కూడా తరచు బలవంతంగానే సాగిస్తారని ఒక మాట చేరుస్తాడు. గమనించవలసింది ఆ మాట ఉన్న చోటు. బలవంతపు ప్రేమను ఆయన శృంగారరస ప్రకరణంలో పెట్టలేదు, రౌద్రంలో పెట్టాడు. ఉత్తమ ప్రకృతికి చెందిన వీరరసాన్ని వేరే చెప్పాడు. కత్తి చూపించి ప్రేమించేవాణ్ణి ఆ కొలతతో చూస్తే నాయకుడు కాలేడు.

వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో అభినవగుప్తుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. సీత మీద రావణుడి కోరికను ఆయన శృంగారాభాస అన్నాడు. శృంగారంలాగే కనిపిస్తుంది, కానీ కాదు. కారణం సూటిగా ఉంది: సీతకు అతని మీద ప్రేమ లేదు, ఆ సంగతి రావణుడి బుద్ధికి తట్టను కూడా తట్టదు. రావణుడి మాటలు వింటూ తన్మయత్వంలో ఉన్న క్షణంలో అది శృంగారమనే అనిపించవచ్చునని కూడా అభినవగుప్తుడు ఒప్పుకున్నాడు. ముందువెనకలు ఆలోచించినప్పుడే అది ఆభాస అని తేలుతుంది. ‘అర్జున్ రెడ్డి’ని ఇష్టపడ్డ లక్షలమంది ఆడపిల్లల్నీ కుర్రాళ్లనీ నిందించకుండా అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. విజయ్ దేవరకొండ నటన బలమైనది. ఆ సినిమా పాటలూ, దుఃఖంలో మునిగిన ఆ రోజుల చిత్రణా మనసును పట్టుకుంటాయి. హాల్లో కొట్టుకుపోవడం నేరం కాదు. బయటికొచ్చాక కూడా ఆలోచించకపోవడమే సమస్య.

‘అర్జున్ రెడ్డి’ ప్రేమను ఆభాస అంటే వచ్చే ఎదురుమాట ఒకటుంది: ప్రీతి అర్జున్‌ను ప్రేమించింది కదా, ఇక ఏకపక్షం ఎలా అవుతుంది? ప్రేమించింది, ఎందుకంటే రచయిత అలా రాశాడు. మొదట్లో బెదురుగా తల దించుకున్న అమ్మాయి ఎప్పుడు, ఎందుకు అతన్ని కోరుకుందో సినిమా చూపించదు. ఆమెకిచ్చిన మాటలే తక్కువ. వాల్మీకి రావణుణ్ణి గొప్ప పండితుడిగా, వీరుడిగా చూపించినా, అశోకవనంలో సీత మనసు మాత్రం మార్చలేదు. దెబ్బ తిన్న అమ్మాయి చేత దెబ్బను క్షమింపజేసి, చివర్లో ఆమెను కడుపుతో ఉన్న రూపంలో హీరోకు బహుమతిగా అప్పగించడం కథకుడి నిర్ణయం. ఇక్కడ ‘దేవదాసు’ గుర్తొస్తుంది. శరత్ నవల్లో దేవదాసు కూడా పార్వతిని గేలపు కర్రతో కొట్టి నొసట మచ్చ మిగులుస్తాడు. 1953లో అక్కినేని, సావిత్రిలతో వచ్చిన సినిమాను చూసి తెలుగుదేశం ఏడ్చింది. ఆ ఏడుపులో అతని బలహీనత మీద జాలి ఉంది, పార్వతి మీద గౌరవం ఉంది. అతను ఆమె గుమ్మం ముందు దిక్కులేని చావు చచ్చాడు. అలాగే అవుదామని ప్రేక్షకుడికి కథ ఆశ చూపలేదు.

రసానికి అడ్డుపడే ఏడు విఘ్నాల గురించి కూడా అభినవగుప్తుడు చెప్పాడు. సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుపోవడం అందులో ఒకటి. తెర మీదివాడిలో తన్ను తాను చూసుకుని, తనకు వద్దన్న అమ్మాయిని అతను కొడుతుంటే తన కసి తీరినట్టు సంబరపడేవాడు ఆ విఘ్నంలోనే ఉన్నాడు. అతను కళను ఆస్వాదిస్తున్నాననుకుంటాడు. నిజానికి తన కోపానికి ఊతం తెచ్చుకుంటున్నాడు.

ఆ కోపానికి ఊతం ఎక్కడెక్కడ దొరుకుతోందో కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏదైనా ఒకదానికి భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగింది. చెప్పకుండా బయటికెళ్లడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటివి ఆ కారణాలు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో దాదాపు 84 శాతం మహిళలు కనీసం ఒకదానికైనా సబబేనన్నారు. దేశంలో ఇంత ఎక్కువగా మరే రాష్ట్రంలోనూ చెప్పలేదు. హిమాచల్ ప్రదేశ్‌లో ఆ సంఖ్య 15 శాతం లోపే. ఈ 84 శాతాన్ని సినిమా తయారుచేయలేదు. సినిమా పుట్టకముందు నుంచీ ఈ ఇళ్లలో దెబ్బలున్నాయి. అయితే దెబ్బను ప్రేమగా చూపించే కథ ఇలాంటి సమాజంలోకి వచ్చినప్పుడు కొత్త ఆలోచనేమీ ఇవ్వదు. ఉన్నదానికి పాటనూ అందాన్నీ తొడుగుతుంది. ధైర్యమైన సినిమా అని దాన్ని పొగిడేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి. దీనికి ఎదురు నిలబడ్డ సినిమా మనకు 1985లోనే ఉంది. టి. కృష్ణ ‘ప్రతిఘటన’లో విజయశాంతి పాత్రను నడివీధిలో వివస్త్రను చేస్తారు. ఆమె మళ్లీ తరగతి గదికి వస్తే నల్లబల్ల మీద బూతుబొమ్మ గీసి ఉంటుంది. ఆమె ఆ పిల్లల్ని నిలదీస్తుంది. హింస అందులోనూ ఉంది. హాలంతా ఆమె వైపే ఉంది.

నిషేధం అడగాల్సిన పని లేదు. స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండకూడదని సెన్సార్ మార్గదర్శకాల్లో ఎప్పటి నుంచో ఉంది. ‘అర్జున్ రెడ్డి’కీ ‘యానిమల్’కూ ‘ఎ’ సర్టిఫికెట్లే ఇచ్చారు. కత్తెర చేయగలిగింది అంతే. ఈలను సెన్సార్ కత్తిరించలేదు. ‘జోయా మోసం చేసింది, అందుకే అలా అన్నాడు’ అన్న సమర్థన హాల్లో కూర్చున్న మనిషి మనసులోనే ఆగాలి. కర్ణుడు కూడా ద్రౌపదిలో తప్పు చూపించే తన నవ్వును సమర్థించుకున్నాడు.

‘యానిమల్’లో గీతాంజలిగా నటించిన రష్మిక మందన్నే 2025 నవంబరులో రాహుల్ రవీంద్రన్ దర్శకత్వంలో ‘ది గర్ల్‌ఫ్రెండ్’ చేసింది. ప్రేమ పేరుతో ఊపిరాడకుండా చేసే కుర్రాడి నుంచి బయటపడే అమ్మాయి కథ అది. తెలుగు ప్రేక్షకులు దానికీ చప్పట్లు కొట్టారు. కాబట్టి జనం చూసేది అదే, మేమేం చేస్తామన్న నిర్మాతల మాట చెల్లదు.

మీ ఇంట్లో పదహారేళ్ల కుర్రాడుంటే, ఈ సినిమాలు ఫోన్‌లో అతను ఇప్పటికే చూసి ఉంటాడు. చూడొద్దని అరవకండి. పక్కన కూర్చుని ఆ చెంపదెబ్బ సన్నివేశం గురించి అడగండి. ఆ అమ్మాయి ఏమనుకుని ఉంటుందో అతని చేత చెప్పించండి. హాల్లో అలాంటి చోట మీ స్నేహితుడు ఈల వేస్తే, అది తప్పని వికర్ణుడిలా పైకే చెప్పండి.