ఎవరి పొలము? ఎవరి అన్నము?

కష్టపడి సంపాదించినది తనది. దానిని అమ్ముకొనుటకు, దాచుకొనుటకు, దానము చేయుటకు, చేయకుండుటకు గూడ తనకే అధికారము కలదు. ఈ మాట నేడు లోకమున గట్టిగా వినబడుచున్నది. విపణి తన దారిని తాను నడచుచుండ ప్రభుత్వము చేయి పెట్టరాదని కొందరు విజ్ఞులు వాదింతురు. ఆకలిగొన్నవానికి అన్నము చూపుట సంఘముయొక్క విధియే కాని ఎవరి దయాధర్మమును కాదని మఱికొందరు. ఈ రెండు వాదములును మన కోనసీమలో నొక సంవత్సరము ముఖాముఖి నిలిచినవి.

2011వ సంవత్సరము ఖరీఫులో అమలాపురము, అల్లవరము, ఉప్పలగుప్తము, ముమ్మిడివరము ప్రాంతముల రైతులు వేలాది యెకరములను ఊడ్వక విడిచిరి. పత్రికలు ‘పంట విరామము’ అని వ్రాసినవి. ఊళ్లలో అందరును ‘క్రాప్ హాలిడే’ యనియే యనిరి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ నీరు త్రాగి పండిన నేల యిది. అట్టి నేలను బీడు పెట్టుట వృద్ధులకు అపశకునముగా తోచెను. కాని రైతు లెక్క రైతుకు కలదు. సాధారణ రకము ధాన్యమునకు ఆ యేడు మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. అది పెట్టుబడికే చాలదనిరి. మురుగు కాలువలు పూడి, వానకు చేలు మునుగుచుండెను. వర్తకుడు నష్టము వచ్చినచో అంగడి మూయును. అతనిని నిందించువారు లేరు. రైతునకు మాత్రము ఆ స్వేచ్ఛ యేల లేకపోవలెను?

నాకును పిత్రార్జితమైన రెండెకరములు కలవు. కౌలుకు చేయు ఆసామి వచ్చి, “ఈయేడు మానేత్తానండి” అనెను. “నీ యిష్టము” అంటిని. మక్తా రాకున్నను నాకు నెల జీతము కలదు గదా! కొన్ని దినములకు, ఏటా మా చేనిలో ఊడ్చు నొకామె వాకిట నిలిచి, “ఊడుపుల్లేవంట గదండీ పంతులుగారూ! మీరందరూ శెలవెట్టుకున్నారు. మా కడుపులకి శెలవెవరిత్తారండీ?” అనెను. తర్కసంగ్రహము నలుబది మందికి పాఠము చెప్పినవాడను. ఆ ప్రశ్నకు సమాధానము తోచలేదు.

ఆమె యింట పస్తులు లేవు. 1983లో మన రాష్ట్రమున మొదలైన కిలో రెండు రూపాయల బియ్యమును, 2005 నాటి చట్టమువలన వచ్చిన ఉపాధి హామీ పనియును ఆ సంసారమును నిలిపినవి. విచిత్రమేమనగా, ఆ పని వలననే కూలీలు దొరకుట లేదనియు, కూలి రేటు పెరిగినదనియు రైతులు మొఱపెట్టుచుండిరి. అందు సత్యము లేకపోలేదు. కాని యొకటి ఆలోచింపవలెను. పిల్లల ఆకలికి బెదరి, ఇచ్చినదే చాలునని వచ్చినవాడు ‘తన యిష్టమున’ వచ్చెనని చెప్పవచ్చునా? వద్దనగలవాని ఒప్పుకోలే ఒప్పుకోలు. నష్టమునకు సాగు చేయనని రైతు అనగలుగుట స్వేచ్ఛయైనచో, చాలని కూలికి రానని కూలివాడు అనగలుగుటయు స్వేచ్ఛయే. దాని నతనికి ఇచ్చినది ఇంటిలోని ఆ గుప్పెడు బియ్యము.

మన గ్రంథములు ఈ విషయమున ఏకపక్షముగా పలికినవని ఉపన్యాసకులు కొందరు చెప్పుచుందురు. అది సరికాదు. శ్రీమద్భాగవత సప్తమ స్కంధమున నారదులవారు ధర్మరాజునకు గృహస్థధర్మము నుపదేశించుచు, కడుపు నిండునంతవరకే తనదనుకొను హక్కు కలదనియు, అంతకు మించి నాదనువాడు దొంగయనియు కఠినముగా చెప్పిరి. దీనిని అక్షరమునకు అక్షరము పట్టినచో, విత్తనపు గాదె నింపుకొన్న రైతు గూడ దొంగయే కావలెను! శాంతిపర్వమున భీష్మాచార్యులు మఱియొక వైపు చూపిరి. తుమ్మెద పువ్వునకు బాధ కలుగకుండ తేనె గొన్నట్లు రాజు పన్ను గొనవలెను. అనగా సంపాదించువాని చేతులు విరువరాదు. ఆ భీష్ముడే దీనులకు, అనాథలకు, వృద్ధులకు, విధవలకు యోగక్షేమమును, జీవనోపాధిని నిత్యమును కల్పింపవలెననెను. నిత్యమును! పండుగనాడు మాత్రమే కాదు.

దాతల దయ చాలదా యని అడుగువారు కలరు. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరము మెట్టి, జోగన్నగారి యింట వేళ యనక, కులమనక వచ్చినవారికెల్ల వడ్డించిరి. అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరి, దారిలో ఆకలిగొన్నవారు తన యింటికే వచ్చుచున్నారని విని వెనుదిరిగిరని చెప్పుకొందురు. స్వామి దర్శనము ఆమెకు ఎక్కడ లభించెనో వైష్ణవులకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఆమె 1909లో పరమపదించిరి. 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టిరి. అట్టి తల్లి నడచిన సీమకును, ఆమె అనంతరము, అన్నమునకు చట్టము కావలసి వచ్చెను.

ఎందుకనగా నేను చెప్పగలను. వారములు చేసికొని చదివినవాడను. ఆఱిండ్ల తల్లులు కన్నబిడ్డవలె పెట్టిరి. ఏడవ యింట, పేరు చెప్పను, పిలుపు వచ్చునో రాదో తెలియక అరుగుమీద కూర్చుండువాడను. కొన్ని వారములు మంచినీళ్లు త్రాగి లేచి వచ్చితిని. వారి యిల్లు, వారి అన్నము. అడుగుటకు నాకేమి హక్కు? రేషను దుకాణమున ఎవరును “కాస్త పెరుగు వేసికో నాయనా” అనరు. ఆ తీపి చట్టమునకు రాదు. కాని 2013 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద మనిషికి నెలకు ఐదు కిలోలు (2023 జనవరినుండి వెలలేకయే) తూచువాడు, కార్డు గలవానిని అరుగుమీద కూర్చుండబెట్టి వాని ముఖము చూచి నిర్ణయింపడు. వేలిముద్ర పడనినాడు మాత్రము చెప్పలేము!

అయినను బియ్యమిచ్చి ఊరకుండిన ప్రభుత్వము సగము పనియే చేసినది. మురుగు కాలువ పూడిక తీయనివారు విపణి స్వేచ్ఛను గూర్చి రైతునకు బోధింపరాదు.

మఱుసటి యేడు కౌలుదారు మానుకొనగా నేనే సాగు చేయించితిని. ఊడుపులకు ఆమెనే పిలిచితిని. కూలి యెంతో ఆమెయే చెప్పెను. బేరమాడితిని. ఆమె తగ్గలేదు. నాకు కొంచెము కోపము వచ్చిన మాట నిజము.