ఊడదీసేది పారేయడానికి కాదు

మూలవాక్యం: గలతీయులకు 6:1



మన సహవాసంలోని ఒక సహోదరుడు సుంగై కడుట్‌లో ఒక వర్క్‌షాపులో మెకానిక్. ఒక శనివారం నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. షెడ్డులో పాత బ్యాక్‌హో లోడర్ ఒకటి ఉంది. ఏ కంపెనీదైనా మన ఊళ్లలో దాన్ని జేసీబీ అనే అంటాం. ముందు లోడరు, వెనుక తవ్వే చెయ్యి ఒకే ట్రాక్టరుకు అమర్చిన యంత్రాన్ని జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ 1953లో ఇంగ్లాండులో తయారుచేశాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే జేసీబీ.

షెడ్డులోని బండి తుప్పు పట్టి, నూనె కారుతోంది. "రంగు కొడితే సరిపోదా?" అని అడిగాను.

"చూడ్డానికి కొత్తదిలా ఉంటుంది అయ్యగారూ, కానీ పిన్నుల దగ్గర అరుగుదల అలాగే ఉంటుంది. ఊడదీయాల్సిందే" అన్నాడు.

ముందు బకెట్లు నేలకు దించాడు. ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపాడు. ఇంజను ఆగినా గొట్టాల్లో ప్రెషర్ మిగిలి ఉంటుందట. అది పోకముందే హోసు విప్పితే నూనె దూసుకొచ్చి మనిషిని గాయపరుస్తుందట. విప్పిన ప్రతి హోసుకూ ట్యాగు కట్టి, దుమ్ము పోకుండా మూతలు పెట్టాడు. బూమ్ కింద దిమ్మె పెట్టాకే పిన్ను జోలికి వెళ్లాడు. పిన్ను కదల్లేదు. నేనైతే సుత్తి అందుకునేవాణ్ణి. అతను తుప్పు వదిలించే నూనె పోసి, "సోమవారం దాకా నాననిద్దాం" అన్నాడు.

ఆ రాత్రి ఎంఆర్‌టీలో ఇంటికి వస్తుంటే, నిరుడు మనల్ని విడిచి వెళ్లిన ఒక తమ్ముడు గుర్తొచ్చాడు. ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పు తీరకముందే జీతం జూదంలో పోగొట్టుకున్నాడు. సంగతి నాకు తెలిసింది. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర, నలుగురి ముందూ అడిగేశాను. నేను అబద్ధమేమీ చెప్పలేదు. కానీ అతను పళ్లెం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

తప్పులో చిక్కుకున్నవాణ్ణి సాత్వికమైన మనస్సుతో సరిచేయమని, మనమూ శోధనలో పడకుండా చూసుకోమని పౌలు రాశాడు. అక్కడ వాడిన గ్రీకు మాటే మత్తయి 4:21లోనూ ఉంది. యాకోబు, యోహాను తండ్రితో కలిసి దోనెలో వలలు బాగుచేస్తున్న సందర్భమది. చినిగిన వలను ఎవరూ కొట్టరు. మళ్లీ నీళ్లలో వేయాలి గనుక ఒక్కో ముడీ చూసి కడతారు.

యోహాను 21వ అధ్యాయం చూడండి. పేతురు తప్పును ప్రభువు రంగు వేసి కప్పలేదు, మూడుసార్లు అడిగాడు. కానీ ముందు ఒడ్డున భోజనం పెట్టాడు, తర్వాత అడిగాడు. అడిగి, గొఱ్ఱెల బాధ్యత అప్పగించాడు. నేను నా తమ్ముణ్ణి పళ్లెం ముందు నుంచి లేపేశాను.

ప్రియులారా, ఒకరి తప్పు విప్పే ముందు మనలోని కోపం దిగిందా? అతను చెప్పింది డార్మిటరీ అంతా పాకకుండా మూత పెట్టగలమా? పిన్ను ఊడినప్పుడు అతని అప్పునూ, ఊళ్లో అతని తల్లినీ ఆనుకునే దిమ్మె ఎవరు? ఇవి చూసుకోకుండా సత్యం మాట్లాడితే అది సుత్తి దెబ్బే.

పోయిన నెల టెక్కాలో అతనితో టీ తాగాను. క్షమించమని ముందు నేనే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అప్పు ఎంతో చెప్పాడు. అతను సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఇంకా ఆరాధనకు రాలేదు. తొందరలేదు, నూనె నానుతోంది.

మీ సుత్తి దెబ్బ తిన్నవారు ఎవరైనా ఉంటే, ఈ వారమే ఒక ఫోన్ చేయండి. విరిగినవారిని బాగుచేసే ప్రభువు మన చేతులకు ఓర్పునిచ్చును గాక. ఆమేన్.