నమ్మినవాడిదే తప్పా?

ఇంగ్లీషులో మోసగాణ్ణి ‘కాన్ మ్యాన్’ అంటారని మీకు తెలుసు. ఆ ‘కాన్’ అనేది ‘కాన్ఫిడెన్స్’కు పొట్టిరూపం. కాన్ఫిడెన్స్ అంటే నమ్మకం కదా! మోసగాడికి ఆ పేరెలా వచ్చింది?

1849లో న్యూయార్క్ నగరంలో విలియం థామ్సన్ అనే అతడు పోలీసులకు పట్టుబడ్డాడు. మర్యాదస్తుడిలా దుస్తులు ధరించి, దారినపోయే పెద్దమనిషిని పాత పరిచయస్తుడిలా పలకరించేవాడు. కాసేపు మాట్లాడి, ‘రేపటివరకు మీ గడియారం నా చేతికిచ్చేటంత నమ్మకం నామీద ఉందా?’ అని అడిగేవాడు. కత్తి లేదు, బెదిరింపు లేదు. అయినా ఇచ్చినవారున్నారు! ఎదుటివాణ్ణి ముఖంమీద ‘నిన్ను నమ్మను’ అనడం మంచివాడికి ఎంత కష్టమో చూడండి. పత్రికలు అతణ్ణి ‘కాన్ఫిడెన్స్ మ్యాన్’ అన్నాయి. ఇదే పని వాల్ స్ట్రీట్‌లో పెద్ద ఎత్తున చేసేవారు మేడల్లో ఉన్నారనీ, ఈ చిన్నవాడు మాత్రం జైల్లో ఉన్నాడనీ ‘న్యూయార్క్ హెరాల్డ్’ ఎద్దేవా చేసింది. (పెద్దల విషయంలో భాష కూడా మెత్తబడుతుంది. 1986లో ఒక బ్రిటిష్ ఉన్నతాధికారి సిడ్నీ కోర్టులో, తన ఉత్తరంలో ఉన్నది అబద్ధం కాదనీ, బహుశా సత్యాన్ని పొదుపుగా వాడడమనీ చెప్పాడు!)

మోసపోయినవాడి విషయంలో మాత్రం ఏ భాషకూ జాలి లేదు. ఇంగ్లీషువారు ‘డ్యూప్’ అంటారు. తెలివితక్కువదని పేరుపడిన ఒక పక్షి పేరునుండి ఆ మాట పుట్టిందని చెబుతారు. మనమూ తక్కువ తినలేదు. ‘వాడికి టోపీ పెట్టారు’, ‘చెవిలో పువ్వు పెట్టారు’, ‘పంగనామాలు పెట్టారు’ అని నవ్వుతాం. ఆ నవ్వంతా ఎవరిమీద?

థామ్సన్ పట్టుబడిన సంవత్సరమే న్యూయార్క్‌లోని ఒక సాహిత్య పత్రిక వేరొక అభిప్రాయాన్ని ప్రచురించింది. మనిషిపై మనిషికున్న నమ్మకాన్ని అడిగి ఒకడు ఇంత వ్యాపారం చేయగలిగాడంటే, లోకంలో మంచితనం పూర్తిగా చచ్చిపోలేదని దాని సారాంశం. ఇది నాకు సరైన మాటగా తోస్తుంది. జాగ్రత్త వద్దని కాదు. తాళం వేయనందుకు ఇంటివాణ్ణి మందలించవచ్చు గాని, దొంగతనం అతనిది కాదు. చట్టమూ అంతే. ‘ఫోర్ ట్వంటీ’ అని మనం తిట్టే మాట భారత శిక్షాస్మృతిలోని 420వ సెక్షన్ నుండి వచ్చింది. 2024 జూలై 1 నుండి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ అమలులో ఉంది. రెండూ శిక్షించేది నమ్మించి సొమ్ము లాగినవాణ్ణే.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. ఎవరో పోలీసు అధికారినంటూ ఫోనులో బెదిరిస్తే, పింఛను డబ్బు పంపేసిన తండ్రి ఇంట్లో ఎందుకు చెప్పడు? ‘ఈ వయసులో ఆమాత్రం తెలియదా?’ అంటారని భయం. అలా పోయిన డబ్బు గురించి 1930 నంబరుకు వెంటనే తెలిపితే, అది చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. ఆయన సిగ్గుతో మౌనంగా కూర్చున్న ప్రతి గంటా మోసగాడికే లాభం.