చిత్రతురగం: కప్పుపై అచ్చయిన స్మారకం – ఒక నైతిక విచారణ

పోలండ్ రాజధాని వార్సాలో అధ్యక్ష భవనం ముందు రాకుమారుడు యూజెఫ్ పొన్యతోవ్స్కీ అశ్వారూఢ విగ్రహం ఉంది. ఇటువంటి చారిత్రక స్మారకాల ఛాయాచిత్రాలను పింగాణీ కప్పులపై అచ్చువేసి, ఫొటో మగ్‌ల పేరుతో జ్ఞాపికలుగా అమ్మడం నేడు సర్వసాధారణం. ఒక జాతి తన శోకాన్నీ స్వాతంత్ర్యేచ్ఛనూ నిలుపుకొన్న రూపాన్ని కాఫీ తాగే పాత్రపైకి దించడం ఆ స్మృతికి అపచారం అవుతుందా? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అపచారమే అనడానికి మన సంస్కారంలో బలమైన ఆధారం ఉంది. ఎంగిలి తగిలే పాత్రపై పూజ్యమైన రూపం ఉండరాదన్న భావన తెలుగువారికి కొత్త కాదు. దేవతామూర్తి బొమ్మ ఉన్న అగరుబత్తీల పెట్టెను చెత్తలో వేయడానికి చేయి వెనుకాడుతుంది. ప్రతిబింబానికి జరిగిన అవమానం బింబానికి చేరుతుందన్న విశ్వాసం ఇందులో ఉంది. పాశ్చాత్య చింతనలో ఈ ఆక్షేపణ మరొక రూపం తీసుకుంది. యాంత్రిక పునరుత్పత్తి వల్ల కళాఖండం తన ఏకైక ఉనికికి చెందిన ప్రభను కోల్పోతుందని వాల్టర్ బెన్యమిన్ 1930లలో వాదించాడు. ఈ రెండు వాదాలూ స్థిరమైన మూలం ఒకటి ఉన్నదన్న భావనపై ఆధారపడినవే. పొన్యతోవ్స్కీ విగ్రహ చరిత్ర ఆ భావననే సందేహంలో పడవేస్తుంది.

నెపోలియన్ పక్షాన పోరాడిన పొన్యతోవ్స్కీ 1813 అక్టోబరు 19న లైప్‌జిగ్ వద్ద ఎల్‌స్టర్ నదిని దాటుతూ మరణించాడు. డెన్మార్క్ శిల్పి బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్ ఆయనను పోలిష్ సైనిక దుస్తులలో కాక ప్రాచీన రోమన్ వేషంలో, రోమ్‌లోని మార్కస్ ఆరీలియస్ అశ్వవిగ్రహాన్ని తలపించేటట్లు మలిచాడు. 1830లో మొదలైన తిరుగుబాటును రష్యా అణచివేసిన తరువాత వార్సాలో ఆ విగ్రహానికి చోటు లేకపోయింది. ఆ తిరుగుబాటును అణచిన సేనాని పాస్కేవిచ్‌కే జార్ నికోలస్ దానిని ఇచ్చివేశాడు. అది గోమెల్‌లోని పాస్కేవిచ్ భవనానికి అలంకారమైంది. పోలండ్ స్వతంత్రమయ్యాక తిరిగివచ్చి 1923లో వార్సాలో నెలకొన్నది. 1944లో జర్మన్ సైన్యం దానిని పేల్చివేసింది. కోపెన్‌హాగెన్‌లోని థోర్వాల్డ్‌సెన్ మ్యూజియంలో ఉన్న నమూనా ఆధారంగా మళ్లీ పోతపోసిన విగ్రహాన్ని డెన్మార్క్ కానుకగా ఇచ్చింది. 1965 నుంచి ఇప్పటి స్థానంలో ఉన్నది ఆ విగ్రహమే.

కాబట్టి కప్పుపై కనిపించేది ప్రతికి ప్రతి. మొదటి విగ్రహం సైతం ఒక రోమన్ రూపానికి అనుకృతే. ఇక్కడ మన అలంకారశాస్త్రంలోని చిత్రతురగన్యాయం తోడ్పడుతుంది. నటునిలో రాముని చూడడం, చిత్రంలోని గుర్రాన్ని చూచి ‘ఇది గుర్రం’ అనుకోవడం వంటిదని శ్రీశంకుకుడు అన్నాడు. ఆ ప్రతీతి సమ్యక్, మిథ్యా, సంశయ, సాదృశ్య ప్రతీతులు నాలుగింటికీ విలక్షణమైనది. ఈ అనుకరణవాదాన్ని అభినవగుప్తుడు తన గురువు భట్టతౌతుని మార్గంలో ఖండించాడు. అయినా ఆ దృష్టాంతం ఒక మేలు చేస్తుంది. చిత్రంలోని గుర్రాన్ని నిజమా అబద్ధమా అని అడగడం సరైన ప్రశ్న కాదని అది తెలుపుతుంది. కప్పుపై గుర్రం విషయంలోనూ అంతే. అది మూలానికి ఎంత దూరమన్నది కాక, చూచేవానికి దానితో ఏ సంబంధమున్నదన్నది విచార్యం.

ఈ దృష్టితో చూస్తే గోమెల్ ఘట్టం కీలకమైనది. అక్కడ ఉన్నది ప్రతి కాదు, శిల్పి కాలంనాటి విగ్రహమే. బెన్యమిన్ చెప్పిన ప్రభ దానికి పూర్తిగా ఉన్నది. అయినా ఓడినవారి స్మృతి గెలిచినవాని తోటలో అలంకారంగా నిలవడం కన్న మించిన అపచారం కప్పుపై బొమ్మ వల్ల కలగదు. మరోవైపు కోపెన్‌హాగెన్‌లోని నమూనా, విగ్రహం ధ్వంసమయ్యాక దాని రూపాన్ని తిరిగి ఇవ్వగలిగింది. మూలం అవమానానికి సాధనం కావచ్చు, ప్రతి ఋణం తీర్చవచ్చు. అపచారం ప్రతిత్వంలో లేదు.

అయితే ఎరుక ఉంటే చాలునా? చాలదు. 1944లో విగ్రహాన్ని పేల్చినవారు దాని అర్థాన్ని ఎరుగనివారు కారు; ఎరిగినందువల్లనే పేల్చారు. ఎరుకకు బాధ్యత తోడు కావాలి. ఫొటో మగ్‌లోని అసలు ప్రమాదం ఎంగిలి కాదు. ‘ఇతడు మరణించాడు’ అన్న స్మృతి స్థానాన్ని ‘నేను వార్సా వెళ్లివచ్చాను’ అన్న స్వీయస్మృతి ఆక్రమించడమే ఆ ప్రమాదం. పేరూ సంవత్సరమూ లేకుండా బొమ్మను మాత్రమే అమ్మే వర్తకుడు ఆ ఆక్రమణకు తోడ్పడుతున్నాడు.

కనుక కప్పుపై స్మారకాన్ని నిషేధించవలసిన పని లేదు. దానిని అచ్చువేసేవారికీ వాడేవారికీ ఒక చిన్న ఋణం మాత్రం ఉన్నది. ‘ఈ గుర్రంపై ఉన్నది ఎవరు?’ అని ఇంట్లో పిల్లవాడు అడిగితే జవాబు చెప్పగలగడమే ఆ ఋణం. చెప్పగలిగిన ఇంట అది స్మారకం. చెప్పలేని ఇంట అది బొమ్మ ఉన్న కప్పు మాత్రమే.